మా బోరుకు సీలేసినారు

పులివెందులకు కాస్త ఎడంగా ఉన్న మా పల్లెలో నాన్న గొర్రెలు కాసేవాడు. మంద వెంట నడిచే ఓపిక తగ్గాక, గొర్రెలన్నీ అమ్మి, ఉన్న చెక్క భూమిలో బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. చీనీ, అంటే బత్తాయి మొక్కలు నాటాడు. కొన్నేళ్లకు చెట్లు కాపుకొచ్చాయి.

గట్టుకు అవతలి అరటితోట ఊళ్లో పెద్దరైతుది. ఆ ఎండాకాలం ఆయన బోర్లు ఒక్కొక్కటే అడుగంటాయి. ఒకరోజు పొద్దున్నే మా తోటకు వచ్చి, పైపు దగ్గర దోసిలి పట్టి తాగి, మంచి నీళ్లని మెచ్చుకున్నాడు. అమ్మ మజ్జిగ ఇస్తే అదీ తాగాడు. ఆ వారంలోనే మా మీద ఫిర్యాదు పెట్టాడు.

తాసీల్దారు ఆఫీసు వాళ్లు వచ్చి టేపు పట్టి కొలిచారు. పెద్దరైతు బోరుకూ మా బోరుకూ మధ్య ఉండాల్సినంత దూరం లేదన్నారు. పైగా మేం అనుమతీ తీసుకోలేదు. అలాంటిదొకటి కావాలని బోరుబండి వాళ్లు మాకు చెప్పనేలేదు. నాన్న పాసుబుక్కు తెచ్చి చూపించాడు. భూమి నీదే కానీ దాని కిందున్న నీళ్లు నీవి కావనీ, అవి అందరివనీ అధికారి ఓపికగానే చెప్పాడు.

"అందరివైతే, ఆ అందర్లో మేం లేమా సార్?" అన్నాడు నాన్న.

అధికారి మోటారు పైకి తీయించాడు. గొట్టం మూతిమీద ఇనుపరేకు పెట్టి వెల్డింగ్ చేయించి వెళ్లిపోయాడు.

మా బోరు మూతపడింది కాబట్టి ఇక దూరం అడ్డు రాలేదు. పెద్దరైతు అనుమతి తెచ్చుకుని, మా గట్టును ఆనుకునే కొత్త బోరు వేశాడు. ఆకులు ముడుచుకుపోతున్న చెట్లను చూడలేక అమ్మ ఆయన ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్లాను. అప్పుడప్పుడూ ఒక తడి నీళ్లు ఇస్తే చాలని బతిమాలింది.

ఆయన తింటున్న పండు పూర్తిచేసి, తొక్క పారేసి, "నీళ్లు సర్కారువి కదమ్మా. నీకిచ్చే హక్కు నాకు యాడుంది?" అన్నాడు.

పిందెలు రాలాయి. చెట్లు కొనల నుంచి ఎండుతూ వచ్చాయి. నాన్న గొడ్డలి తీసుకుని నరకడం మొదలుపెట్టాడు. ఇంకా పచ్చగా ఉన్నవాటినీ వదల్లేదు. నేను చేయి పట్టుకుంటే, "సచ్చేదాకా సూస్తా కూసోమంటావా?" అని విదిలించుకున్నాడు.

ఇప్పుడు నాన్న ఆ అరటితోటలోనే కూలికి పోతున్నాడు. పిలిచింది పెద్దరైతే. అమ్మ వద్దని ఏడిస్తే, ఊళ్లో ఇంకెవరు పని చూపిస్తారని అడిగి చెప్పులేసుకున్నాడు. సాయంత్రం నాన్న తెచ్చే మాగిన పండ్లను అమ్మ ముట్టుకోదు. ఆకలైనప్పుడు నేను తింటాను.