వెనక కొండ కనబడే ఫోటో

"మళ్ళీ తిరపతా? మొన్న పోయొచ్చి పదిరోజులు కాలేదు. ఆడ ఏముండాది నీకు?"

"పనుండాది అవ్వా."

"ఏం పని? ఎవురెవురు యాడికి పోతుండారో ఇంట్లో కూచోనే ఫోన్లో చూస్తానన్నావే! ఇప్పుడు నువ్వే కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతుండావేంది?"

"కొన్ని మనమే పోయి చూసుకోవాల."

"వంకలకేం తక్కువ! ఆత్మకూరులో మీయమ్మ మిషను తొక్కీ తొక్కీ కాళ్ళు వాచి కూచోనుండాది. అది గుర్తుండాదా నీకు?"

"మాయమ్మ సంగతి ఎత్తొద్దవ్వా." అంతవరకు నవ్వుతూ జవాబు చెప్తున్న షకీలా గొంతు మారిపోయింది.

"ఎత్తుతా. ఈసారి పోయేదుంటే గది ఖాళీ చేసి పో."

అదే మా ఇద్దరి ఆఖరి గొడవ. ఈరోజు పొద్దున బియ్యం చెరుగుతుంటే ఫోను టింగుమంది. రెండేళ్ళ కిందట ఇదే రోజు అంటూ, నేను అడక్కుండానే ఒక ఫోటో చూపించింది. చేతిలో చెరుకురసం గ్లాసుతో షకీలా, వెనక కొండ. నా పేరు కూడా తగిలించి పెట్టిన ఫోటో అది. చాట పక్కన పెట్టేశాను. మళ్ళీ ముట్టుకోలేదు.

నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. నాకు అక్షరాలు దిద్దించినవాళ్ళ ముఖాలు కూడా గుర్తులేవు. ఈ వయసులో నాకు చదువు చెప్పింది, మనవరాలి ఈడున్న ఈ పిల్లే. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చి, మా ముందు గదిలో అద్దెకు దిగింది. ఒక పక్క ఉద్యోగం, ఒక పక్క పరిశోధన. జనం దూరప్రయాణాలు ఎక్కడికి చేస్తారు, ఎందుకు చేస్తారు అనేదే ఆ పరిశోధన. ఇంటింటికీ పోయి అడిగితే సగం మరిచిపోతారట, సగం దాస్తారట. అందుకని ఫోన్లో వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్న ఫోటోలు, ఊళ్ళ పేర్లు పోగుచేసేది. అందరికీ కనబడేటట్టు పెట్టినవే తీసుకునేది. పేర్లు చెరిపేసేది.

"ఊళ్ళోవాళ్ళ తిరుగుళ్ళు రాస్తే డాక్టరు పట్టా ఇస్తారా? అట్లైతే మా వీధిలో ఆడోళ్ళందరికీ ఇయ్యాల" అన్నాను. ఆ పిల్ల పొట్ట పట్టుకొని నవ్వింది. ఫ్యాను తిరుగుతుండగానే గది వదిలిపెట్టి పోవడం ఒక్కటే ఆమెలో నాకు గిట్టేది కాదు. రోజూ తిట్టేదాన్ని. రోజూ మరిచిపోయేది.

వాడేసిన కాగితాలు వెనకవైపు ఖాళీగా ఉంటాయని నేను అడిగి తీసుకునేదాన్ని. అట్లా తీసుకుంటున్నప్పుడు ఒకరోజు ఒక ఫోటో నా కంట పడింది. పేరు లేకపోతేనేం, మా చర్చిలో నా పక్కన కూచునే మార్తమ్మను నేను గుర్తుపట్టనా? మార్తమ్మ, కొడుకు, కోడలు నిలబడి ఉన్నారు, వెనక తిరుపతి కొండ. కింద షకీలా కంప్యూటరు 'దైవదర్శనం' అని వేసింది.

"ఇది తప్పే పిల్లా."

"ఎందుకవ్వా? తిరుపతి, కొండ, ముగ్గురూ కొత్తబట్టల్లో ఉన్నారు కదా."

"మార్తమ్మ బాప్టిస్టు మనిషి. కొండకెందుకు పోతాది? కోడలికి గుండెజబ్బు. ఆస్పత్రికి పోయినారు. ఆస్పత్రి ముందర నిలబడి ఫోటో తీసుకుంటారా ఎవురన్నా? కొండవైపు తిరిగి తీసుకున్నారు."

షకీలా ఆ కాగితం నా వైపు తిప్పింది. ఆ తర్వాత పెన్సిలు నా చేతికిచ్చింది. ఆమె పట్టీలో గడులు మూడే: పని, చుట్టరికం, దైవదర్శనం. నాలుగో గడి గీసి, నా కోడికాళ్ళ రాతతో 'రోగమ్' అని రాశాను. ఆమె దాన్ని దిద్దలేదు. ఆ తర్వాత వందల ఫోటోలు నాకు చూపించింది. ముఖాలు చూడొద్దనేది. చేతిలో ఏ సంచి ఉందో, ఎవరు కూచున్నారో, ఎవరు నిలబడ్డారో, వెనక ఏముందో చూడమనేది. "నువ్వు చూసి చెప్పు. తీర్పు చెప్పబాక" అనేది. పుట్టినప్పటినుంచీ తీర్పులే చెప్పినదాన్ని నేను. ఆ మాట కోసమే ఆమెను గురువనుకున్నాను.

చెరుకురసం ఫోటో పెట్టినరోజు తనే వచ్చి నా ముందు కూచుంది.

"చూడవ్వా. ఎట్లుండాను?"

"ఎండలో తిరిగి నల్లబడినావు" అన్నాను.

ఇంకేమీ చూడలేదు. నమాజు చదివే పిల్ల వెనక కొండ ఎందుకుందని అడగలేదు. పలచబడిన చేయి, భుజాన ఆస్పత్రి ఫైలు పట్టే సంచి, అన్నీ ఆ ఫోటోలో ఉన్నాయి. నాకు తెలియాలనే పెట్టిందేమో. నోటితో చెప్పలేక, నేను చదవగలిగిన ఒకే ఒక భాషలో చెప్పిందేమో. అడగడానికి ఆ పిల్ల బతికి లేదు.

గొడవైన మూడువారాలకు వాళ్ళమ్మ సామాన్లు తీసుకుపోవడానికి వచ్చింది. రక్తంలో జబ్బంట. ముదిరిపోయేదాకా కన్నతల్లికి కూడా చెప్పలేదంట. గడప మీద కూలబడి, "మీక్కూడా చెప్పలేదా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. అది అబద్ధమో నిజమో నాకిప్పటికీ తేలలేదు.

ఆమె నేర్పిన చూపు మాత్రం పోలేదు. ఎవరు ఏ ఫోటో చూపించినా కళ్ళు ముందు వెనకవైపుకే పోతాయి. చూసి ఏం చేయను? చూడాల్సినప్పుడు చూడలేదు. ప్రార్థనలో కూడా దేవుణ్ణి ఏం అడగాలో తెలియక ఊరికే కూచుంటున్నాను.

ఆ గొడవ జరిగిన మరుసటి పొద్దున ఏడు గంటలకు షకీలా నా తలుపు ముందు నిలబడి, "అవ్వా, పోయొస్తా" అంది. నేను మెలకువగానే ఉన్నాను. పలకలేదు. కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళిపోయింది. గేటు గడియ పడింది. తిరుపతి పోయే బస్సు హారను వినబడింది. అప్పుడు లేచి, తిట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుందని ఆమె గదిలోకి పోయాను. ఫ్యాను ఆపేసి ఉంది.