మల్లికి బొచ్చు తీసిన వేసవి

2014 మార్చిలో నెల్లిమర్లకు దగ్గర్లోని ఒక పల్లె పశువైద్యశాలకు నన్ను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. రోజూ చూసేవి ఆవులు, గేదెలు, మేకలు. కుక్కలు వచ్చేది రేబిస్ టీకాల శిబిరం పెట్టినప్పుడే.

ఏప్రిల్ శిబిరానికి దానియేలు గారు మల్లి అనే చిన్న తెల్ల కుక్కను ఎత్తుకొచ్చారు. ఆయన జనపనార మిల్లులో నేతపని చేసి రిటైరైన మనిషి. "ఇది పామేరియనే కదా బాబూ? ఏ దేశందిది?" అని అడిగారు. టీకా వేస్తూ చెప్పాను. దీని పూర్వీకులు యూరప్ ఉత్తరాన మంచులో బళ్లు లాగిన పెద్ద కుక్కలు. తరతరానా చిన్నవాటినే ఎంచి జత కట్టించగా ఒడిలో పట్టే జాతి తయారైంది. ఇంకా చెప్పబోతుంటే వరసలో వెనకవాళ్లు తొందరపెట్టారు. అక్కడితో ఆపేశాను.

మూడు వారాలకు ఆయన భార్య కరుణమ్మ గారితో మళ్లీ వచ్చారు. చీర ముక్కలో చుట్టిన మల్లి ఒంటిమీద బొచ్చు లేదు. వీపంతా కమిలి, రెండుచోట్ల చీము పట్టింది.

"మంచుదేశం కుక్కని మీరే సెప్పారు కదా. ఎండకి ఉడికిపోతన్నాదని నేనే మిషనుతో గీసీసినాను," అన్నారు దానియేలు గారు తల దించుకుని.

"రెండ్రోజులై మెతుకు ముట్టనేదు బాబూ. బతుకుతాదా?" అని కరుణమ్మ గారు అడిగారు.

తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను. ఆ రోజు మింగేసిన సగం ఇప్పుడు చెప్పాను. మనవాళ్లు పామేరియన్ అనేది నిజానికి ఇండియన్ స్పిట్జ్ అనే జాతి, ఆ వంశానిదే. తెల్లదొరల కాలం నుంచి ఇక్కడే పెంచగా మన వేడికి అలవాటు పడింది. లోపలి మెత్తటి బొచ్చు, పైనున్న పొడవాటి వెంట్రుకలు కలిసి చలినే కాదు, ఎండనూ ఆపుతాయి.

పుళ్లు సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. రోజూ రమ్మన్నాను. కరుణమ్మ గారు భర్త పాత లుంగీ కత్తిరించి మల్లికి చొక్కా కుట్టారు. నాలుగో రోజు దానియేలు గారు ఒక్కరే సైకిలు మీద వచ్చి, "తిన్నాది బాబూ! నా సేతిలో గంజి నాకినాది!" అని గుమ్మంలోంచే కేకేశారు. చూస్తున్న గేదెను వదిలి బయటికొచ్చాను.

బొచ్చు తిరిగి రావడానికి చలికాలం దాకా పట్టింది. వీపుమీద రెండుచోట్ల రానేలేదు. నేనెదురైతే దానియేలు గారు ఆ చోట్ల అరచెయ్యి కప్పి నిమిరేవారు, నా కంట పడకుండా.

జాతి ఎక్కడ పుట్టిందో చెప్పి ఊరుకుంటే యజమాని మిగతాది తానే ఊహించుకుంటాడని అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో పనిచేసినన్నాళ్లూ ఎవరడిగినా, కుక్కనెలా చూసుకోవాలో ముందు చెప్పి, దాని దేశం సంగతి ఆ తర్వాతే ఎత్తేవాణ్ణి.