నూనె గిన్నెకంటే ముందు

మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. చివరి గంటన్నర తాడు పట్టుకుని ఎక్కాం. బందరులో పుట్టినవాడిని, నాకు ఎత్తంటే కృష్ణ కరకట్ట. ఆ పోస్టులో ఎంత పీల్చినా గాలి చాలదు. రెండు ఫైబర్ గుడిసెలు, కిరోసిన్ పొయ్యి, ఏడుగురు మనుషులు. నాకిచ్చిన మంచు బూట్లు ఒక సైజు పెద్దవి. మార్చమని అడిగాను. "కాగితాలు కూరితే సరిపోతాయి," అన్నాడు స్టోర్ హవల్దార్. ఆ సీజనంతా కాగితాలతోనే నడిచాను.

నేను ఎక్కేనాటికి మా ఆవిడ నాగలక్ష్మికి ఐదో నెల. కాన్పుకు సెలవు ముందే మంజూరైంది. ఎనిమిదో నెలలో ఫోన్‌లో చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగింది, మెడకు పేగు చుట్టుకుంది, ఆపరేషన్ తప్పదు. దానికి ఆమె భయపడలేదు. భయమల్లా వాళ్ళ అమ్మ గురించి. పేగు మెడలో వేసుకుని పుట్టిన బిడ్డ వల్ల మేనమామకు గండమని దివిసీమలో మా అత్తగారి వాళ్ళ నమ్మకం. ముందు మేనమామ నూనెలో బిడ్డ నీడ చూడాలి. అప్పటిదాకా తల్లితో సహా ఎవరూ మొహం చూడకూడదట.

"గుడివాడలో మా అక్కకి ఆపరేషనైతే సాయంత్రం దాకా బిడ్డని చూపించలేదండీ. అందరూ ఎత్తుకున్నాక ఎంగిలి చేసి ఇచ్చినట్టు ఇచ్చారు. నా బిడ్డని ముందు నేను చూడాలి. మీరొచ్చి నిలబడితే అమ్మ ఊరుకుంటుంది."

"వస్తాను," అన్నాను.

సెలవుకు కిందికి దిగాల్సిన హెలికాప్టర్‌లో నా చోటు ఆఫీసు గుమాస్తాకిచ్చారు. పంటి నొప్పట. తరవాత మంచు తుఫాను పట్టుకుంది. మా పోస్టుకు పెద్ద సుబేదారు. నన్ను ఎలాగైనా కిందికి పంపమని ఆయన్ని మళ్ళీ మళ్ళీ అడిగాను. "ఇక ఆ మాట ఎత్తకు. నువ్వెళ్ళి కాన్పు చేస్తావా?" అన్నాడు. గుడిసెలో నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆపరేషన్ రోజు పొద్దున శాటిలైట్ ఫోన్ నా చేతికొచ్చింది. "ఒక్క నంబరే. బ్యాటరీ అయిపోవచ్చింది," అన్నాడు రేడియో ఆపరేటర్. నాగలక్ష్మి ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తూ ఉంటుందని తెలుసు. అయినా, ముందే రాసి పెట్టుకున్న డాక్టరమ్మ నంబరు నొక్కాను.

"డాక్టరుగారూ, నేను నాగలక్ష్మి భర్తని. బిడ్డని తియ్యగానే మా ఆవిడకి చూపించండి. పొట్ట కనపడకుండా అడ్డంగా కట్టే గుడ్డ కాస్త దించండి. ఆమె గుండెల మీద పడుకోబెట్టండి. తరవాతే ఎవరైనా."

"మీ అత్తగారు నూనె గిన్నె పట్టుకుని వరండాలో కూర్చున్నారండీ. చిలకలపూడిలో కొట్టు కట్టేయించి మరీ మీ బావమరిదిని పిలిపించారు."

"కూర్చోనివ్వండి. ఎవరినీ ఆపమనట్లేదు. వరస మార్చమంటున్నాను."

"బిడ్డ బాగా ఏడిచి, ఊపిరి సరిగ్గా తీసుకుంటే అలాగే చేస్తాను. గుడ్డ దించడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే. మీ ఆవిడకి ఏమైనా చెప్పమంటారా?"

నేను నోరు తెరిచేలోపు లైను తెగిపోయింది.

సాయంత్రం కింది పోస్టు నుంచి రేడియోలో కబురు. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఓవర్." గుడ్డ దించారో లేదో అందులో లేదు. వంటవాడు నా టీలో ఇంకో చెంచా పంచదార వేశాడు. తరవాత కాపలా నాదే. చెప్పుకోవడానికి ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. ఆ ఫోన్ మళ్ళీ పనిచెయ్యలేదు. కిందికి దిగాక నేను ఫోన్ చేస్తే నాగలక్ష్మి ముక్తసరిగా మాట్లాడింది.

బందరు బస్టాండుకు ఎవరూ రాలేదు. ఆటోలో వెళ్ళాను. పాప ఉయ్యాలలో నిద్రపోతోంది. "లేపకండి," అన్నారు మా అత్తగారు, అదే మొదటి పలకరింపు.

నాగలక్ష్మి మంచం మీద కూర్చుని చెప్పింది. "గుడ్డ దించారండీ. తడితడిగానే నా మీద పెట్టారు. ఏడుస్తున్నదల్లా టక్కున ఆపేసింది. కుట్లేస్తున్న సంగతే మర్చిపోయాను. తమ్ముడు తరవాత చూసుకున్నాడు నూనెలో. వాడికేం కాలేదు, ఇంకాస్త లావయ్యాడు." నవ్వు ఆపి అంది. "ఆ పొద్దున మీ ఫోన్ కోసం చూశాను. బల్ల ఎక్కించేదాకా చూశాను."

"డాక్టరమ్మకి చేశాను. నేను చెప్పబట్టే గుడ్డ దించారు."

"అది నేనే అడిగేదాన్ని. మీరు నాతో ఒక్క మాట మాట్లాడాల్సింది."

ఆ మాట న్యాయమని నేను ఇప్పటికీ ఒప్పుకోను. బిడ్డను ఎక్కడ పెట్టారో చూపించడానికి ఆమె అరచెయ్యి మెడ కింద, గుండె మీద ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. నేను ఎదురుగానే ఉన్నాను, భుజాన సంచీ కూడా దించలేదు. యూనిఫాం పెట్టెలోకి చేరి ఏళ్ళయింది. ఆ శిఖరాల వరస ఇప్పుడు సరిగ్గా గుర్తు రాదు. మూసుకున్న ఆ కళ్ళు, గుండె మీద ఆ అరచెయ్యి మాత్రం రోజూ కనిపిస్తాయి.