కోరుట్ల షాపులో కొత్త ఆల్బం

పాటలంటే నాకు ప్రాణమని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం వెలుగుతుంది. ఎలాంటి పాటలో చెప్పగానే ఆ వెలుగు ఆరిపోతుంది. నావి త్రాష్ మెటల్ పాటలు. గిటార్లు రంపాల్లా కోస్తుంటే, డ్రమ్ములు పరుగులు తీస్తుంటే, మధ్యలో ఒకాయన కోపంగా అరిచే పాటలు. నేను పుట్టింది గంభీరావుపేట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో, బతికింది సిరిసిల్లలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడుపుతూ. ఆ పాటలకూ నీకూ ఏం సంబంధమని సాంచాల షెడ్డు యజమాని ఎన్నోసార్లు అడిగాడు. సంబంధం మా బావ.

బావ మా అక్క భర్త, కోరుట్ల మనిషి. పెళ్లయిన కొత్తలో గల్ఫ్‌కి డ్రైవరుగా పోయాడు. అక్కడ క్యాంపులో ఆయన పక్క మంచం ఒక ఫిలిప్పీన్స్ మెకానిక్‌ది. ఆ మెకానిక్ ఎక్కించిన పిచ్చి ఇది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బావ అందరికీ అత్తర్లు, దుప్పట్లు తెచ్చి, నా చేతిలో మాత్రం ఒక వాక్‌మన్, ఒక త్రాష్ బ్యాండు క్యాసెట్ పెట్టాడు.

"గిది నీ సాంచల నడుమ గూడ ఇనవడ్తది" అన్నాడు.

నిజమే చెప్పాడు. మా షెడ్డులో ముప్పై సాంచాలు ఒక్కసారిగా నడుస్తుంటే పక్కవాడు చెవి దగ్గర అరిచినా వినపడదు. అన్నం తిన్నావా అని కూడా చేతులతోనే అడుక్కునేవాళ్లం. సినిమా పాటలు ఆ చప్పుడులో మునిగిపోయేవి. ఇవి మాత్రం మునగలేదు. సౌండు పూర్తిగా పెంచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఏళ్ల తరబడి బట్ట నేశాను. బయట సాంచాలు, లోపల ఆ బ్యాండు. నా చెవులను నేనే రెండు వైపుల నుంచీ బాదుకుంటున్నానని ఎవరు చెప్పాలి? చెప్పినా వినేవాణ్ణి కాదులెండి, వినపడేది కాదు.

బావ గల్ఫ్ మానుకుని వచ్చేశాక కోరుట్లలో మోటారు వైండింగ్ షాపు పెట్టాడు. కాలిపోయిన పొలం మోటార్లకు మళ్లీ రాగి తీగ చుట్టడం పని. అప్పటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. ఆ బ్యాండు కొత్త ఆల్బం వస్తే ఎవరమూ ముందుగా వినకూడదు. ఆదివారం మధ్యాహ్నం షాపు షటరు సగం దించి, మోటార్లు ఒక మూలకు జరిపి, ఆయన గల్ఫ్ నుంచి తెచ్చుకున్న పెద్ద స్పీకర్ల ముందు రెండు స్టూళ్లు వేసుకుని వినాలి. చివరి పాట అయ్యేదాకా నోరు విప్పకూడదు. అయ్యాక ఇక కొట్లాటే. పాట ఎంత వేగంగా పోతే ఆయనకు అంత ఇష్టం. పరుగు మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ లేచే చోట్లు నాకిష్టం. ఒక ఆల్బం విషయంలో నెల రోజులు మాట్లాడుకోలేదు కూడా. కారణం చెబితే నవ్విపోతారని అక్క ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

పదేళ్ల కింద నాకు మొదట సింబల్స్ పోయాయి. అంటే డ్రమ్ముల పక్కన నిలబెట్టిన ఇత్తడి పళ్లేలు. ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనుకుని మార్చాను, మళ్లీ మార్చాను, షాపువాడిని తిట్టాను కూడా. తర్వాత గొంతు పోయింది, తర్వాత గిటార్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సిరిసిల్లలో చెవి డాక్టరు కాగితం మీద ఒక గీత చూపించాడు. కొంతదూరం బాగానే నడిచి, ఒకచోట దబ్బున కిందికి పడిపోయింది. సన్నటి శబ్దాలు ఇక రావు, లావువే మిగులుతాయన్నాడు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. మాటలకు పనికొస్తుంది, దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడితే అది లేకున్నా అందుతాయి. పాటలకు పెడితే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. నేను ప్రాణం పెట్టుకున్న ఆ వేగమైన పాటలన్నీ ఒకటే బుయ్యిమనే మోతగా మారిపోయాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

భార్యకు చెప్పాను, బిడ్డకు చెప్పాను, బావకు మాత్రం చెప్పలేదు. ఆ క్యాసెట్ తెచ్చిందే ఆయన. తెలిస్తే తన వల్లే అనుకుంటాడు. పైగా ఆ ఆదివారాలు ఆగిపోతాయని భయం. అందుకని గడిచిన రెండు ఆల్బంలకూ కోరుట్ల పోయి, స్టూలు మీద కూర్చుని, అయిపోయాక ఆయన ఏది బాగుందంటే అదే బాగుందన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నా. ముఖం మాడ్చుకున్నాడు. నాతో మాట్లాడడం ఇష్టం లేకనే అన్నిటికీ సరే సరే అంటున్నానని అక్క దగ్గర బాధపడ్డాడట. వారానికి రెండుసార్లు చేసే మనిషి నెలకోసారి కూడా ఫోన్ చేయడం మానేశాడు. ఆయన బాధపడకూడదని అబద్ధమాడి, ఆ అబద్ధంతోనే ఆయన్ను దూరం చేసుకుంటున్నానని నాకు అర్థమైంది. అయినా నోరు రాలేదు.

ఈ ఏడు మళ్లీ కొత్త ఆల్బం వచ్చింది. మా బిడ్డ జగిత్యాలలో మెడికల్ షాపులో పనిచేస్తుంది. పెన్ డ్రైవ్‌లో ఎక్కించి పెట్టానని ఫోన్ చేసి, ఇంకో వార్త కూడా చెప్పింది. ఆ బ్యాండు వాళ్లకూ వయసు మీద పడింది, వేగం తగ్గించారట, తీగలు వదులు చేసి కింది శ్రుతిలో వాయించారట, అభిమానులు ఒకటే తిట్లట. అబ్బో, అనుకున్నా. బావ ఊరుకోడు. ఏమంటావురా అని నిలదీస్తే ఈసారి నా బండారం బయటపడుతుంది.

చెవి మిషన్ జేబులో పెట్టుకుని వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆంజనేయస్వామి భక్తుడు ఏదో అడిగితే అలవాటుగా తలూపాను. తన సంచీ నా ఒళ్లో పెట్టి హాయిగా నిద్రపోయాడు. కొండగట్టు దాకా మోశాను. మల్యాల దాటాక నాకే నవ్వొచ్చింది, ఇట్లా ఇంకెన్నిటికి తలూపుతానో అని. జగిత్యాల బస్టాండులో బిడ్డ పెన్ డ్రైవ్ చేతికిచ్చి ఒకే మాటంది.

"బాపూ, ఈసారన్న మామకు చెప్పు."

చూద్దాంతియ్యి అని కోరుట్ల బస్సెక్కాను.

బావ అప్పటికే చిరాకుగా ఉన్నాడు. ఎలా ఉన్నావని కూడా అడగకుండా షటరు దించాడు. మొదటి పాట మొదలైంది. ఒకే ఒక్క గిటార్, లావుగా, నింపాదిగా. దాని వెనక డ్రమ్ము. ఒక్కో దెబ్బకూ మధ్య ఖాళీ ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. నాకు వినిపిస్తోంది. గిటార్ ఎక్కడ ఆగిందో, డ్రమ్ము ఎక్కడ అందుకుందో, అడుగున బేస్ ఎట్లా నడుస్తుందో అంతా విడివిడిగా తెలుస్తోంది. పాడే ఆయన అరుపులు మానేసి కింది గొంతుతో పాడుతున్నాడు, ఆ గొంతు నాకు అందుతోంది. పదేళ్లయింది నేను పాట విని. నాలుగో పాటకు వచ్చేసరికి కళ్లు నిండిపోతే తల వంచుకుని కూర్చున్నాను. పక్కన బావ స్టూలు మీద అటూ ఇటూ మెసులుతూ, కింద పడ్డ రాగి తీగ ముక్కలు ఏరుతున్నాడు.

చివరి పాట అయింది. "నిద్రమాత్రలేస్కొని కొట్టినట్టున్నది" అని, నేను అవునంటానని చూశాడు.

"నీకసలు చెవులున్నయా బావా?" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఇక చూడండి. వేగం లేనిది త్రాషే కాదని ఆయన, నాలుగో పాట లాంటిది వాళ్ల జన్మలో చేయలేదని నేను. ముసలితనం వచ్చిందని ఆయన, బుద్ధి వచ్చిందని నేను. అక్క చాయ్ గ్లాసులతో షటరు కింది నుంచి వంగి లోపలికి వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు పెట్టి, నవ్వుకుంటూ పోయింది.

బావ వదల్లేదు. పోయినసారి ఆల్బం అంత వేగంగా ఉంటే మస్తుందన్నావు కదా, ఇదెట్లా నచ్చింది, రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం అని పట్టుకున్నాడు. సూటిగా నా కళ్లలోకి చూస్తున్నాడు. ఇక తప్పించుకోవడానికి దారి లేదు, నాకూ తప్పించుకోవాలని లేదు.

"పోయినసారి నాకేం ఇనవడలే బావా. అంతకు ముందటిది గూడ ఇనవడలే."

"మరి గంటసేపు ఏం జేసినవ్?"

"నీ మొకం జూసిన. నువ్వు తలూపిన కాడ తలూపిన."

జేబులోంచి మిషన్ తీసి ఇచ్చాను. కాలిన మోటారు భాగం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను భయపడ్డ మాటే అన్నాడు. ఆ క్యాసెట్ తెచ్చింది తనే కదా అని.

"సాంచలు ఎట్లయిన నా చెవులు తింటుండె బావా" అన్నాను. "సగమన్న నా ఇష్టంతోని పోయినయ్."

చాయ్ చల్లారిపోయింది. బావ లేచి ఆల్బం మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. స్టూలు నా మోకాలికి తగిలేంత దగ్గరికి లాక్కుని నా చేయి పట్టుకున్నాడు. పాట సాగుతుంటే నా చేతి మీద ఆయన వేలు మెల్లగా తాకింది. కాసేపాగి మళ్లీ తాకింది. మూడోసారికి గానీ అర్థం కాలేదు. అవి సింబల్స్. నాకు వినిపించని చోటల్లా వేలితో కొట్టి చెబుతున్నాడు. నిద్రమాత్రల పాటలన్న మనిషి, మూడు పాటలు ఒక్క దెబ్బ కూడా వదలకుండా కొట్టాడు.

నాలుగో పాట సగంలో వేలు ఆగిపోయింది. తిరిగి చూస్తే బావ కళ్లు మూసుకుని ఉన్నాడు, తల మెల్లగా ఊగుతోంది.

"సింబల్స్ ఏవి బావా?" అన్నాను.

"ఆగు, ఇననియ్యి" అన్నాడు.