జిల్లేడు వేరు మీది చుట్టం

నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్‌లో అందరి బాల్కనీల్లో మనీప్లాంట్లూ తులసికోటలూ ఉంటే, మా బాల్కనీలో జిల్లేడు ఉండేది. నీలం డ్రమ్మును సగానికి కోయించి, ఇసుక ఎక్కువ, మట్టి తక్కువ నింపి, పక్కనున్న ఖాళీ ప్లాటులోంచి లేత మొక్కను తవ్వి తెచ్చి నాటాను. వాచ్‌మన్ లిఫ్ట్ దగ్గర ఆపి, "గిదేంది మేడమ్, జిల్లేడు ఎవరన్న ఇంట్ల పెట్టుకుంటరా? పాడువడ్డ జాగల మొలిచేది గది" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నిజానికి నాకు కావలసింది జిల్లేడు కాదు. దాని వేరును పట్టుకుని బతికే ఇంకో మొక్క.

నేను ఐటీ ఆఫీసుల మధ్యే ఉన్న ఒక మొక్కల ల్యాబులో పనిచేస్తాను. అక్కడ కొన్నాళ్ళు నాతో పనిచేసి రాజస్థాన్ వెళ్ళిపోయిన ఒకామె, కాగితం పొట్లంలో విత్తనాలు పంపింది. చూస్తే ముక్కుపొడుంలా ఉన్నాయి. ఎడారిలో పెరిగే మందుమొక్క అది. ఆకు లేదు, పచ్చదనం లేదు, నేలలోంచి తన తిండి తాను తెచ్చుకునే వేరూ లేదు. విత్తనం మట్టిలో ఏళ్ళ తరబడి ఊరికే పడుంటుంది. జిల్లేడులాంటి మొక్క వేరు దగ్గరికొచ్చి, అందులోంచి ఊరే రసం సోకితేనే మొలకెత్తుతుంది. ఆ వేరునే కరుచుకుని, భూమిలోనే దుంపలా లావెక్కి, రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక పూలకంకిని పైకి పంపుతుంది. అక్కడివాళ్ళు దాన్ని ఎండబెట్టి పొడి చేసి కడుపు జబ్బులకు వాడతారట. ఇంట్లో మొలిపించడం అయ్యే పని కాదని ల్యాబులో అందరూ తేల్చారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అందుకే మొదలుపెట్టాను.

మా అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. మాతోనే ఉండేది. బావ చనిపోయిన ఏడాది, మా అమ్మాయి మూడు నెలల పసిపిల్లగా ఉండగా, గుంటూరు నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చింది. ఆ తర్వాతి సోమవారమే నేను ల్యాబుకు వెళ్ళిపోయాను. అలా పద్నాలుగేళ్ళు వెళ్తూనే ఉన్నాను. పిల్లకు జడలు, నాకు క్యారేజీ, మా ఆయనకు బీపీ మాత్రలు, అన్నీ అక్కే చూసుకుంది. మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోవడం కూడా నేను ఎన్నడూ చూడలేదు. ఆమె ఉన్నది మా ఇంట్లో అని నేను అనుకునేదాన్ని. మేమున్నది ఆమె చేతుల్లో అని ఎందుకో తోచలేదు.

విత్తనాలు నాటింది కూడా ఆమే. తడిపిన గుడ్డపీలిక మీద వాటిని ఒక్కొక్కటిగా సూదిమొనతో అంటించి, జిల్లేడు వేళ్ళకు ఆనేలా జానెడు లోతున పెట్టాలి. నా కళ్ళజోడుకు ఆ దుమ్ము ఆనలేదు. శుక్లాల ఆపరేషన్ అయిన ఆమె కళ్ళకు ఆనింది. జిల్లేడు పాలు కంట్లో పడతాయేమోనని నన్ను దూరంగా నిలబెట్టి మరీ పని కానిచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మొక్క పేరు ఆమెకు నోరు తిరగలేదు. అందుకని దాన్ని చుట్టం అనేది. రోజూ పొద్దున డ్రమ్ములోకి తొంగిచూసి, చుట్టం ఇంకా దిగలేదని నాకు కబురు చెప్పేది. రథసప్తమికి తలమీద పెట్టుకోవడానికి ఏడు ఆకులు కోసుకుంటానంటే, ఆకు పోతే వేరుకు బలం తగ్గుతుందని నేను కసిరాను. ఆమె మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి, ఖాళీ ప్లాటులో కోసుకొచ్చింది.

ఏడాదిన్నర గడిచింది. ఒక ఆదివారం ల్యాబు నుంచి ఇద్దరు భోజనానికి వచ్చారు. వాళ్ళను బాల్కనీలోకి తీసుకెళ్ళి డ్రమ్ము చూపించాను. ఇది అసలు ఎలా బతుకుతుందండీ అని ఒకతను అడిగాడు. నేను హుషారులో ఉన్నాను.

"చుట్టమై వచ్చి దెయ్యమై పట్టిందంటారే, అదేనండీ ఇది. ఒళ్ళు వంచదు, సంపాదించదు. ఒకరింట్లో చేరి వాళ్ళ తిండి తిని బతికేస్తుంది."

వాళ్ళు నవ్వారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క కాఫీ ట్రేతో నిలబడి ఉంది. కప్పులు అందరికీ అందించి, ట్రే తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి అందరం తిన్నాక తినడం మొదలుపెట్టింది. పెరుగు వడ్డించుకోవడం మానేసింది. నాకు అర్థమైంది. అర్థమైన కొద్దీ కోపం కూడా వచ్చింది. మొక్క గురించి అన్న మాటను తనకు తగిలించుకోవడమేమిటని లోలోపల ఆమెనే తప్పుపట్టాను. నెల తిరక్కుండానే, ప్రగతి నగర్ చెరువు దగ్గర తన స్నేహితురాలున్న వృద్ధాశ్రమంలో చేరతానంది. మా ఆయన బతిమాలాడు, అమ్మాయి ఏడ్చింది. నేను మాత్రం, నీ ఇష్టం అక్కా అన్నాను. నా నోరు అలాంటిది.

వెళ్ళేరోజు ఇంటి తాళంచెవి ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించి, చెప్పులేసుకుంటూ అంది.

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదులే చెల్లాయ్. జిల్లేడు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు."

క్షమించమని అడగడానికి రెండుసార్లు ప్రగతి నగర్ వెళ్ళాను. రెండుసార్లూ ఆమె మోకాళ్ళ గురించీ అమ్మాయి మార్కుల గురించీ మాట్లాడి తిరిగొచ్చాను. ఇంట్లో పాలు పొంగిపోతున్నాయి. రథసప్తమి వచ్చింది, వెళ్ళింది. బాల్కనీలో ఏడు ఆకులు కోయడానికి నా చెయ్యి రాలేదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున ఇసుక పగిలి ఉంది. రెండు రోజులకు అందులోంచి పసుపుపచ్చని కంకి బొటనవేలంత లావున లేచింది. ల్యాబులో ఎవరికీ చెప్పకముందే అక్కకు ఫోన్ చేసి, చుట్టం వచ్చిందని చెప్పాను. ఆదివారం వస్తానంది.

ఆదివారం పదింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే అక్క. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో అరటిపళ్ళ సంచీతో, లోపలికి రమ్మనేదాకా గుమ్మం బయటే నిలబడింది. పళ్ళు నా చేతికిచ్చి, సోఫా అంచున కూర్చుంది. వంటింటి వైపు చూడను కూడా లేదు. తర్వాత బాల్కనీలోకి వచ్చి, డ్రమ్ము పక్కన ఓపిగ్గా వంగి కంకిని చూసింది. ఆ పైన జిల్లేడు కింది ఆకులను వేళ్ళతో తడిమింది. అవి పండిపోయి ఉన్నాయి.

"పాపం, దీనికి బలం చాలట్లేదే. కాసిని నీళ్ళు ఎక్కువ పొయ్యి" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. తప్పంతా నాదేననీ, ఇంటికొచ్చెయ్యమనీ చేతులు పట్టుకుని అడిగాను. ఆమె నా కళ్ళు తన కొంగుతో తుడిచింది.

"వచ్చాను కదే" అంది.

కాఫీ నేనే పెట్టాను. బాగుందంది, తాగింది. పన్నెండింటికి మా అమ్మాయి ఆటో బుక్ చేస్తే ఎక్కి వెళ్ళిపోయింది. ఆమె తాగిన గ్లాసు టీపాయ్ మీదే ఉంది. ఈ పద్నాలుగేళ్ళలో తను తాగిన గ్లాసును కడగకుండా వదిలిన రోజు లేదు. అది తీసుకెళ్ళి నేనే కడిగాను.