సంతోషమ్మ టీచరు జొన్నరొట్టె

మొన్న నంద్యాలలో మా వీధి చివర కొత్తగా తెరిచిన కొట్లోకి వెళ్ళాను. మా చిన్నప్పుడు గోనెసంచుల్లో దుమ్ము పట్టి పడివుండే కొర్రలు, అండుకొర్రలు, కుసుమలు ఇప్పుడు అద్దాల సీసాల్లో పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై కూచున్నాయి. కొట్టు నడిపే అమ్మాయి ఒక సీసా మూత తీసి వేయించిన కుసుమలు కొన్ని నా అరచేతిలో పోసింది. వేళ్ళతో నలిపేసరికి ఆ నూనె వాసన, కాస్త వగరుగా, కాస్త కమ్మగా, ముక్కుకు తగిలింది. "ఇవన్నీ చుట్టుపక్కల పండినవే మేడమ్. పాలు, పెరుగు కూడా మానేసినవాళ్ళు వీటితో పాలు తీసుకుంటున్నారు. కొత్త పద్ధతి" అంది. నాకు నవ్వాగలేదు. "కొత్త పద్ధతా తల్లీ! ఆళ్ళగడ్డలో మా పెద్దటీచరమ్మ ఈ పని చేసేనాటికి మీ అమ్మకు పెళ్ళి కూడా అయివుండదు" అన్నాను. ఆ పిల్లకు సంతోషమ్మ టీచరు ఎవరో తెలియదు. మీకూ తెలియదు. అందుకే చెప్తున్నాను. కాస్త గొప్పగానే చెప్తాను, ఓర్చుకోండి.

డెబ్బైల చివర, టీచరు ట్రైనింగు ముగించుకుని నేను నంద్యాల నుంచి ఆళ్ళగడ్డలో ఒక చిన్న బడికి ఉద్యోగానికి వెళ్ళాను. ఆ బడికి సంతోషమ్మ పెద్దటీచరు. పొడుగ్గా, సన్నగా, గంజి పెట్టిన నూలుచీరలో, మాట తుంచినట్టు మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయారు. పిల్లల్లేరు. తోబుట్టువంటే గోస్పాడు పక్కన సేద్యం చేసే అన్న యాకోబు ఒక్కడే. రెండు మూడు నెలలకోసారి చెల్లెలికి ఒక జొన్నల మూట పంపేవాడు. ఆ ఇంట్లోనే నాకొక గది అద్దెకిచ్చారు. మా అమ్మ వచ్చి చూసి, "కిరస్తానీ వాళ్ళిల్లు గదా, కోడికూరకు లోటుండదులే" అని మురిసిపోయింది. పాపం, ఏమనుకుందో, ఏం జరిగిందో!

అప్పట్లో మా బడికి మధ్యాహ్నం ఉప్మాకు గోధుమ రవ్వ, తాగడానికి పాలపొడి ఓడల్లో ఎక్కణ్ణుంచో వచ్చేవి. ఒకరోజు పెద్దటీచరు పిల్లలకు మన పంటల పాఠం చెప్పి, మధ్యాహ్నం వాళ్ళతోపాటే వరండాలో కూచున్నారు. ఒక పిల్ల ఆమె పళ్ళెంలోకి తొంగిచూసి, "టీచర్, నువ్వు పొద్దున చెప్పినేటివి ఇందులో యావీ లేవే?" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో డబ్బాలన్నీ దించి నేలమీద వరసగా పెట్టారు. "చూడు మే సరస్వతీ. గోధుమపిండి మనది గాదు. ఈ డబ్బానూనె యాడిదో దానికే తెలీదు. కాఫీపొడి మనది గాదు, టెంకాయ మనది గాదు. జొన్నలు పండే నల్లరేగడి మీద కూచోని నేను పరాయి తిండి తింటాండా. నోటితో చెప్పే పాఠం నోట్లోకి పోవద్దా?" అన్నారు.

అంతవరకు నాకూ బాగానే అర్థమైంది. మరి పాలెందుకు మానాలి? బర్రె ఎదురింటిదే కదా! ఆ మాటే అడిగాను. ఆమె దించిన డబ్బాలు ఒక్కొక్కటే మళ్ళీ పైన సర్దారు. తర్వాత చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ బర్రెకు దూడ చనిపోయిందట. అది పాలు చేపడం ఆపకుండా వాళ్ళ నాయన ఆ దూడ తోలులో గడ్డి కూరి, కట్టె కాళ్ళు పెట్టి తల్లి ముందు నిలబెట్టాడట. "అది దాన్ని నాకేది మే. నాకి నాకి చేపుకొచ్చేది. నాయన పిండేటోడు. ఆ పాలు నేనూ తాగినా. గడ్డిదూడను చూస్తా తాగినా. మానల్ల, మానల్ల అని అప్పట్నుంచీ అనుకుంటానే ఉండా. రెండూ ఒకేసారి మానేస్తా. మాంసం గూడా." ఎదురింటి బర్రె ఆ సమయానికే అరిచింది. అయినా మర్నాడు పెరుగన్నం తిన్నాను, నిజం దాచడమెందుకు.

ఆమె తొందరపడే మనిషి కాదు. వాళ్ళ చర్చిలో పంటలు చేతికొచ్చే కాలంలో కోతపండుగ చేస్తారు. ఎవరి చేలో పండింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. వచ్చే కోతపండుగ నాడు మొదలుపెట్టాలని, అంతదాకా అలవాటు పడాలని ఆమె నిశ్చయించుకున్నారు. దానికి 'సిద్ధపాటు' అని పేరు. పండుగలకు ముందు వాళ్ళు వాడే మాటే అది. ఒక్కొక్కటే మానుతూ వచ్చారు. మాంసం మొదట్లోనే మానేసి అన్నకు ఆ సంగతి చెప్పారు. టెంకాయ తేలిగ్గానే పోయింది. ఇంగువ కొద్దిగా ఏడిపించింది. కాఫీ మాత్రం తల బద్దలు కొట్టింది. వేయించిన ధనియాలు, బెల్లం కాచుకు తాగుతూ ఆమె పడిన బాధ చూడలేక నేను నా కాఫీ పెరట్లోకి తీసుకెళ్ళి తాగేదాన్ని. "వాసన గోడ దాటొస్తాది లే. లోపలికే రా" అని పిలిచేవారు.

అంగడికి వెళ్తే ఆమెతో ఒకటే మాట: "ఇది యాడ పండింది?" చింతపండు నల్లమల పక్కదైతే సరే. మిరపకాయలు గోస్పాడువైతే మరీ సరే. అంగడాయన విసుక్కునేవాడు కాదు, ఎగతాళి చేసేవాడు. "టీచరమ్మా, ఈసారి కందిపప్పుకు జాతకం రాయించుకొస్తానమ్మా. నక్షత్రం గూడా చెప్పల్లనా?" అని. ఉప్పు సంగతేమిటని నేను పట్టుకున్నాను. ఉప్పు మనూరిది కాదు కదా! "ఉప్పు పండేది గాదు మే, ఎండేది. అది పంట లెక్కలోకి రాదు. అయినా ఉప్పు లేకుంటే భక్తి గూడా చప్పగుంటాది" అన్నారు. తనకు పనికొచ్చే చోట మెలికలు పెట్టుకోవడం ఆమెకూ తెలుసు.

పెరుగు సంగతి చెప్పకపోతే ఈ కథకు రుచి ఉండదు. కుసుమలు నానబెట్టి, రోట్లో రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీశారు. పాయసానికి అద్భుతంగా కుదిరాయి కానీ తోడుకు నిలవలేదు. కాచేసరికి విరిగి కూచున్నాయి. ఆ తర్వాత బుడ్డలు, అంటే మీరనే వేరుశనగలు, రుబ్బి పాలు తీశారు. మజ్జిగ చుక్క తగలకుండా తోడెలా? నాలుగు పచ్చిమిరపకాయల తొడిమెలు తుంచి ఆ పాలలో వేసి మూత పెట్టారు. పొద్దున మూత తీస్తే గిన్నె వంచినా కదలలేదు. ఆ పెద్దమనిషి, బడి మొత్తాన్ని గడగడలాడించే మనిషి, గిన్నె పట్టుకుని చిన్నపిల్లలా నా గదిలోకి పరిగెత్తుకొచ్చారు. "తిను మే, తిని చెప్పు!" తిన్నాను. పెరుగు కాదు. పెరుగుకు సవతి తమ్ముడు. కానీ ఆ ముఖం చూసి ఆ మాట ఎవరనగలరు? రెండోసారి వేయించుకున్నాను.

అంతా బాగానే ఉందనుకునే వేళకు యాకోబన్న కూతురి పెళ్ళి వచ్చింది. ఆళ్ళగడ్డ సంబంధమే. పెళ్ళి మాత్రం ఎండాకాలంలో గోస్పాడు పక్కన వాళ్ళ ఊళ్ళో చేశారు. టీచరుతో నేనూ వెళ్ళాను. పొట్టేళ్ళు కోశారు. మగపెళ్ళివాళ్ళ పంక్తిలో మేనత్తగా ఈమెను కూచోబెట్టారు. అన్న స్వయంగా గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వచ్చాడు. ఈమె విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "అన్నా, నాకొద్దు. నేను మానేసినా. నీకు చెప్పినా గదా" అన్నారు. పక్కన కొర్రన్నం మూట విప్పుకున్నారు. పంక్తంతా చేతులాపి చూసింది. మగపెళ్ళివాళ్ళలో ఎవరో, "ఏందప్పా, మీ టీచరమ్మకు మన కూడు గూడా అంటు అయిపాయనా?" అని నవ్వారు.

ఆ నవ్వు ఎందుకు అంత లోతుగా దిగిందో నాకు అప్పుడు తెలియదు, ఆమె తర్వాత చెప్తే తెలిసింది. తరతరాలుగా పెద్ద కులాలవాళ్ళు వాళ్ళ తిండిని సాకుగా చూపి వాళ్ళను దూరంగా నిలబెట్టారు. ఇప్పుడు వాళ్ళలో చదువుకున్న మనిషి ఆ తిండినే వద్దంటే, వద్దన్నది మాంసాన్ని కాదు, వాళ్ళనే అనిపించింది. యాకోబన్న గిన్నె కింద పెట్టాడు. "కూతురు పెండ్లిలో నా చేతి ముద్ద వద్దన్యావ్. పెద్ద కులమోళ్ళ మాదిరి మూట కట్టుకొచ్చినావ్. ఇంక నీ చేతి మెతుకు నేను ముట్టను. ఇదే ఆఖరు" అన్నాడు. పందిట్లో అంతమంది ముందు.

ఆ తర్వాత గోస్పాడు నుంచి మూట రాలేదు, మనిషీ రాలేదు. కూతురింటికి ఆళ్ళగడ్డ వచ్చినా ఈమె గుమ్మం తొక్కలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆమె రోటి దగ్గర కూచుని ఏడ్చారు. అంతకుముందూ, ఆ తర్వాతా నేను ఆమె ఏడవగా చూడలేదు. నాకు కోపం వచ్చింది. "ఒక్క ముక్క తిని ఉంటే ఏం పోయేది టీచర్? ఉన్న ఒక్క అన్న!" అన్నాను. "తిని ఉంటే అన్న ఉండేటోడు. నేను ఉండేదాన్ని గాదు" అన్నారు. కళ్ళు తుడుచుకుని, "వాళ్ళ కూడు తక్కువదని మానలా మే. ఆ గడ్డిదూడ కోసం మానినా. అది మా అన్నకు ఎట్ల చెప్పల్ల? వాడు గూడా ఆ పాలు తాగినోడే" అన్నారు. జొన్నలు అంగట్లో కొనుక్కొచ్చి సిద్ధపాటు సాగించారు. ఆమె మొండితనం చూసి నాకు ఒళ్ళు మండింది. గర్వంగానూ ఉండింది. ఆ రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి కలుగుతాయని అప్పుడే తెలిసింది.

కోతపండుగ నాటికి తుపాను పట్టింది. నన్నూ రమ్మంటే వెళ్ళాను. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కొర్రకంకుల కట్టలు, అరటిగెలలు. కూతురికి పెళ్ళయ్యాక మొదటి పండుగని యాకోబన్న ముందురోజే బండి కట్టుకుని వచ్చి, మగవాళ్ళ వైపు వెనక వరసలో కూచున్నాడు. ఈమె తెల్లగుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు తీసుకెళ్ళి కంకుల పక్కన పెట్టారు. "నాకు చేను లేదు. చెయ్యుండాది" అని నాతో అన్నారు.

ఆరోజు అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం కూడా ఉంది. దానికి కావలసిన రొట్టె ప్రతిసారీ నంద్యాల బేకరీ నుంచి మొదటి బస్సులో వచ్చేది. ఈ గోధుమరొట్టె సంగతి పాస్టరయ్య ముందే అడిగితే, "అది తిండి గాదు గదయ్యా, తీసుకుంటా" అని ఆమె చెప్పివున్నారు. కానీ దారిలో వాగు పొంగి బస్సే రాలేదు. వానకు అంగళ్ళు తెరవలేదు. పాటలు అయిపోయాయి, ప్రసంగం అయిపోయింది, బల్లమీద ద్రాక్షరసం ఉంది, రొట్టె లేదు. పాస్టరయ్య కాసేపు నిలబడి, కంకుల వైపు చూసి, "సంతోషమ్మా, నీ రొట్టె విరవచ్చునా?" అని అడిగారు.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. "జొన్నరొట్టెనా అయ్యా? గోధుమది గదా ఉండల్ల?"

"ప్రభువు గోస్పాడులో పుట్టింటే ఏం తినేటోడప్పా?" అన్నారు పాస్టరయ్య. పెద్దాయన కూచున్నాడు.

ఒక్కో వరస లేచి ముందుకెళ్ళి మోకరిస్తోంది. ఆ రొట్టె ఎవరి చేతిదో, ఎవరు ఎవరి చేతి మెతుకు ముట్టనన్నారో ఆ చర్చిలో తెలియనివాళ్ళు లేరు. రొట్టె తీసుకుని ఆడవాళ్ళ వైపు బలిపీఠం దగ్గరే మోకరించి ఉండిపోయిన పెద్దటీచరు తల ఎత్తలేదు. చివరి వరస లేచింది. యాకోబన్న కూచునే ఉన్నాడు. నేను నాది కాని దేవుడికి కూడా మొక్కాను. పాస్టరయ్య రొట్టె పట్టుకుని ఊరికే నిలబడ్డారు. పిలవలేదు, పళ్ళెం కింద పెట్టలేదు. అప్పుడు యాకోబన్న లేచాడు. తడి పాదాలతో నడవ అంతా నడిచి వచ్చి, చెల్లెలికి ఎదురు వైపు మోకరించి, రెండు చేతులూ చాచాడు. జొన్నరొట్టె ముక్క నమలడానికి సమయం పడుతుంది. ఆయన నెమ్మదిగా నమిలాడు. గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి.

బయట వసారాలో చెప్పులు వెతుక్కుంటూ చెల్లెలి పక్కకొచ్చి నిలబడ్డాడు. ముఖం చూడలేదు.

"పిండి రోంత గరుకుండాది. యాడివి జొన్నలు?"

"అంగట్లో తెచ్చినేటివి."

"అదే. మన చేనివి గావు. వాగు తగ్గినాక మూట పంపిస్తా." ఒక చెప్పు తొడుక్కుని, "ఈ యాడాది జొన్న చుట్టూ కుసుమలు గూడా ఏసినా" అన్నాడు.

"ఎవరికోసం ఏసినావ్?"

"ఎవరికోసమేందీ? ముండ్లు గదా. పశువులు రాకుండా ఏసినా."

ఆమె కొంగుతో ఆయన తడి తల తుడిచారు. విత్తనం వేసింది పండుగకు ముందే కదా, కోపం మీద ఉన్నప్పుడే కదా అని నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఆమె బతికినంతకాలం ఆ నియమం తప్పలేదు. ఎనభైల్లో నాకు నంద్యాల బదిలీ అయ్యాక కూడా వెళ్ళినప్పుడల్లా ఆ సవతి తమ్ముడి పెరుగే పెట్టారు. ఆమె మాట మీద నిలబడ్డ తీరు చూశాకే నేనూ బడిలో, ఇంట్లో, నలుగురు నవ్వే చోట నిలబడడం నేర్చుకున్నాను. కాఫీ మాత్రం మానలేకపోయాను. ఆమె శిష్యురాలినని చెప్పుకోవడానికి అదొక్కటే అడ్డం. అయినా చెప్పుకుంటాను.

కొట్లో అరచేతిలోని కుసుమలు నోట్లో వేసుకుని ఆ అమ్మాయిని అడిగాను, "ఇవి యాడ పండినాయి తల్లీ?"

"గోస్పాడు వైపు నుంచి వస్తాయి మేడమ్. ఇప్పటికీ కొందరు రైతులు జొన్నచేల చుట్టూ వేస్తారంట. ఎందుకో మరి."

"పశువులు రాకుండా" అన్నాను.