ఏ కోర్టుకూ చిక్కని పిల్ల

హంపమ్మది మా పక్కిల్లు. ఆలూరు దగ్గర పల్లె. కూతురు చనిపోతే, అల్లుడు సుంకప్ప పాలు తాగే పిల్లను ఈమె ఒళ్లో పడేసి పోయాడు. ఏడేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకుని, పిల్ల నాదంటూ కోర్టుకెక్కాడు. అన్నేళ్లు ఏ గాడిదలు కాశాడో ఆయన్నే అడగాలి.

పిల్ల మామూలుగా ఏ ఊళ్లో ఉంటుందో అక్కడి కోర్టే ఈ కేసు వినాలట. ఆ చట్టం రాసినవాళ్లు మా పడమటి పల్లెలు చూసుండరు. పంట చేతికి రాకపోతే మేం ఇంటికి తాళమేసి, గడపకు కంప అడ్డం పెట్టి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోతాం, మా మాటలో సుగ్గి. ఉగాదికి గానీ తిరిగి రాం.

సుంకప్ప ఇక్కడ కేసు వేస్తే, పిల్ల మిరప చేలల్లో ఉందని కాగితాలు తిప్పి పంపారు. అక్కడ వేసేసరికి కోతలైపోయాయి. పిల్ల సొంతూరికి పోయిందని అక్కడా తిప్పి పంపారు. మూడేళ్లు ఇదే తంతు. ఒకసారి కోర్టు జవాను హంపమ్మ గడప కంపకు నోటీసు కట్టిపోతే మేక తినేసింది.

"తిరుగుతానే ఉండవ్వా. నిలబడితే దొరికిపోతావు," అన్నాడు హంపమ్మ లాయరు ప్రకాశం సారు.

"శానా మంచిమాట చెప్పినావప్పా," అంది హంపమ్మ. పిల్లను లాక్కుపోతారన్న దిగులుతో కూడు సయించని మనిషి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినింది.

పోయిన ఏడు మనవరాలు శివకుమారి బడికి పోతానని ఒకటే ఏడుపు. హంపమ్మ మనసు కరిగి సుగ్గి మానుకుంది. ఊరంతా ఖాళీ. బడిలో ఒక టీచరు, ఒక పిల్ల. తరగతిలో ఫస్టూ శివకుమారే, లాస్టూ శివకుమారే. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానలేదని టీచరు రామేశ్వరమ్మ మురిసిపోయి సర్టిఫికెట్ ఇచ్చి, ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో సుంకప్ప కూడా ఉన్నాడు.

నెల తిరక్కుండా ఆ ఫొటో కోర్టులో సాక్ష్యమైంది. పిల్ల ఈ ఊరిదే, కేసు ఇక్కడే వింటామని జడ్జిగారు తేల్చారు.

"ఇంక పిల్ల ఎవరి దగ్గరుండాలో తేలుస్తారవ్వా. అసలు కేసు ఇప్పుడే మొదలైతాది," అన్నాడు ప్రకాశం సారు.

హంపమ్మ కోర్టు మెట్ల మీదే కూలబడింది. శివకుమారి పక్కన కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, రేపట్నుంచి బడి మానేస్తా. అప్పుడు నన్ను నాయనకు ఈయరు గదా?"